జెండాకు అవతల

పరుగు ముగించి గీత దాటిన మనిషికి పతకం ఇవ్వలేదు. ఒక ఇంగ్లిషు చీటీ చేతిలో పెట్టి పంపేశారు. కంచరపాలెం బస్సులో అతను నా పక్కన కూర్చుని, దాన్ని నాకందించాడు.

“ఇందులో ఏటి రాసారో సదవండి బాబూ.”

“ఈత పూర్తి చేయలేదు” అని చదివాను.

టిక్కెట్లు కొడుతున్న కండక్టరు ఆగాడు. “ఏటి బావా, జాలరోడికి ఈత రాదన్నారా?”

బస్సంతా నవ్వింది. అతను నవ్వలేదు.

ఎనభైల్లో మా ఊళ్లో తొలిసారి ఈత, సైకిలు, పరుగు కలిపి ఒకే పోటీగా పెట్టారు. అతను రోజూ వల లాగి వచ్చాక, బావమరిది సైకిలు మీద సింహాచలం దాకా తొక్కి, నాలుగు నెలలు సాధన చేశాడట. పోటీనాడు సముద్రం పక్కకు లాగింది. జాలరులు ఆ లాగుడుతో పెనుగులాడరు. ఏటవాలుగా ఈది, అది చేర్చిన చోట ఒడ్డెక్కుతారు. అతనూ అలాగే, ఈత ముగించే చోటికి గుర్తుగా పాతిన జెండాకు రెండు ఫర్లాంగుల అవతల తేలి, ఇసకలో వెనక్కి పరుగెత్తి వచ్చి సైకిలెక్కాడు. జెండా దగ్గర ఒడ్డెక్కలేదు కాబట్టి ఈదనట్టేనని గొడుగుల కింద కూర్చున్న పెద్దమనుషులు తేల్చారు. సముద్రం తమ జెండా చూసుకుని నడవాలని వాళ్ల ఉద్దేశం కాబోలు!

“పతకం పోతే పోనీండి. ఈ కాయితం పేటలోకి ఎలా అట్టుకెల్తాను? మాయమ్మే నవ్వుతాది” అన్నాడతను.

మర్నాడు నిర్వాహకులను నిలదీశాను. పరిశీలిస్తామన్నారు. తర్వాతి పోటీకి, ఎక్కడ ఒడ్డెక్కినా ఫరవాలేదని నిబంధన మార్చారు. అతని ఫలితం మాత్రం మార్చలేదు.