సుతారి జేబులో నక్ష

అమ్మ జారిపడింది నేల వాలు తప్పడం వల్లే. కోరుట్లలో మా ఇంటి వెనక స్నానాల గదిలో నీళ్లు తూము వైపు పోకుండా మూలకు పోయి నిలిచేవి. అక్కడ పాచి పట్టింది. కుడి మణికట్టు విరిగింది. జగిత్యాలలో కట్టు వేయించుకొని వచ్చాక అమ్మ పెరట్లో చీర అడ్డం కట్టుకొని ఎడమ చేత్తోనే స్నానం చేసేది. కక్కూసు పెరడు చివర, రోడ్డు పక్క గోడకు ఆనుకొని ఉండేది. పొద్దు గూకితే ఆ రోడ్డు మీద పోలీసు జీపులు తిరిగేవి. అటు పోవాల్సి వస్తుందని అమ్మ మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేసేది. రెండింటినీ ఇంటికి ఆనించి కొత్తగా కట్టించాలి. నాన్న లేని ఇంట్లో ఆ పని నా మీద పడింది.

నేను అప్పుడే డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు ముగించి, జగిత్యాలలో ఒక ఆఫీసులో నక్షలు గీసే పనిలో చేరాను. పని ఒప్పజెప్పే ముందు గోడలు కట్టే సుతారిని అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకుంటే పద్నాలుగు వచ్చాయి. గోడ తనే కడతాడా, ఒప్పుకొని వేరేవాళ్లను పంపుతాడా? ఇంతకు ముందు కట్టినవి చూపిస్తాడా? అడుగుకు పావంగుళం వాలు ఇస్తాడా? ఇటుక తడుపుతాడా? గచ్చు ఆరాక రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, ఎక్కడా కారడం లేదని చూపించాకే పని అయిందంటాడా? కక్కూసు గుంత బావికి ఎంత దూరంలో తవ్వుతాడు? గాలి గొట్టం ఎంత ఎత్తుకు లేపుతాడు? ఇవన్నీ సరైన ప్రశ్నలే. ఇల్లున్న ఎవరైనా అడగాలి. నా పొరపాటు వీటిలో లేదు.

ఒక సుతారి గురించి సిరిసిల్ల నుంచి మా అక్క కబురు పెట్టింది. వాళ్ల అత్తగారింట్లో స్నానాల గది కట్టింది అతనే. అతని ఊరు రుద్రంగి అవతల, అడవి అంచున. ఆదివారం సిరిసిల్లకు, అక్క వాళ్లింటికి పోయాను. పక్కింటి మగ్గాల మోత మధ్య బకెట్ నీళ్లు తెచ్చి ఆ గది నేల మీద ఒలకబోసి, గడియారం చూస్తూ కూచున్నాను. మూలల్లో గోలీ పెట్టి ఎటు దొర్లుతుందో చూశాను.

"మా కోడలి తమ్ముడు తానం రూంకు పరీచ్చ వెడుతుండు," అని అక్క అత్తగారు పక్కింటికి వినపడేలా అంది.

పక్క వీధిలో పని చేస్తున్న సుతారిని కూడా పిలిపించారు. యాభై దాటిన మనిషి. చేతుల నిండా సిమెంటు. గుమ్మంలో నిలబడి నా గోలీని చూసి నవ్వాడు.

"ఏంది సారూ, పిల్లనిచ్చేటోళ్లు సుత గింతగనం సూడరు."

అతను పదమూడు ప్రశ్నలకు తడుముకోకుండా చెప్పాడు. పద్నాలుగోది, నక్ష ప్రకారం కడతాడా అని. దానికి మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నక్షలద్దు సారూ. ఎట్ల గావాల్నో సున్నంతోటి నేల మీద గీసియ్యి. గట్లనే గడ్త."

అతనికి నక్ష చదవడం రాదని నేను అనుకున్నాను. పద్నాలుగో ప్రశ్న ఎదుట ఇంటూ గుర్తు పెట్టాను. పదమూడు కుదిరాయి కాబట్టి పని ఒప్పజెప్పాను.

అయినా నక్ష గీశాను. నేర్చుకున్న విద్య ఊరుకోనివ్వదు. ట్రేసింగ్ కాగితం మీద గది, గొట్టం, గుంత. గుంత పొడవు, వెడల్పు, ఆరడుగుల లోతు. బావి నుంచి దూరం, ఇంటి గోడ నుంచి దూరం, రోడ్డు నుంచి దూరం. ఉత్తరం వైపు బాణం. కింద కుడి మూలన నక్ష పేరు రాసే గడి గీసి ఖాళీగా వదిలాను. మార్పులన్నీ అయ్యాక, చివరన పేరు రాయాలని మాకు నేర్పారు.

శనివారం సుతారి స్థలం చూడడానికి మా ఇంటికి వచ్చాడు. సాయంత్రం రుద్రంగి బస్సుకు పోయే ముందు ఆ కాగితం చేతికిచ్చాను. ఇంటి దగ్గర ఎవరితోనైనా చదివించుకొని, ఇటుకలు ఎన్ని పడతాయో చెప్పమన్నాను.

"నాకెందుకు సారూ గిది? జేబుల కాయిదం వెట్టుకొని బస్సెక్కుడంటే పాణం పట్టది."

"తానం రూం బొమ్మకు భయమేంది కాకా?" అన్నాను.

అతను నా ముఖం వైపు కాసేపు చూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మడతలు పడితే గీత చెరుగుతుందని, చుట్టి పట్టుకొమ్మని కూడా నేను చెప్పాను.

పని మొదలుపెట్టాల్సిన సోమవారం రాలేదు. నోటుబుక్కులో 'మొదటి రోజు రాలేదు' అని రాశాను. సుతారులు ఒప్పుకొని ఎగ్గొట్టడం కొత్త కాదు. పునాది గీత కోసం తెచ్చిన సున్నం మూట పెరట్లోనే ఉంది. ఆ రోజంతా అతని మీద కోపంగానే ఉన్నాను.

మంగళవారం మొదటి బస్సుకు ఒకామె వచ్చి గేటు బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. సుతారి భార్యనని చెప్పింది.

"శనారం నాడు బస్సుల కెళ్లి దించుకపోయిండ్రు సారూ. మా ఊరాయన గదే బస్సుల ఉండి సూసిండు. జేబుల ఏందో నక్ష దొరికిందట. రోడ్డు కాడ గుంత బొమ్మ ఉన్నదట. నువ్వే ఇచ్చినవా?"

రోడ్ల కింద నక్సలైట్ల మందుపాతరలు పేలుతున్న కాలం. గుంతల్లో తుపాకులు దాచారని పొలాలు తవ్వుతున్న కాలం. రోడ్డుకు ఇన్ని అడుగుల దూరంలో, ఇంత లోతున గుంత. పేరు లేని నక్ష. నేనే చూసినా ఏమనుకుంటాను?

"బస్సుల అడిగితే తానం రూం దని జెప్పిండట. ఎవలింటిదంటే మాత్రం జెప్పలేదట," అందామె. "జెప్తే మీ ఇంటి మీద వడుతరని. నువ్వచ్చి జెప్పు సారూ. లేకుంటే మనిషి దక్కడు."

అమ్మ లోపలి నుంచి అంతా వింది. నన్ను వెనక్కి పిలిచింది.

"నువ్వు పోకు కొడుకా. సదువుకున్న పిలగాడు, అండ్లల్ల జగిత్యాల్ల తిరిగెటోడు. ఆయన్ను ఇడిసి నిన్ను వట్టుకుంటరు."

అది నిజం కావచ్చు. అప్పట్లో నా వయసు, నా చదువు, రెండూ అనుమానానికి సరిపోయేవి. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎంతసేపో చెప్పలేను, ఆ ఒక్కసారి గడియారం చూడలేదు. గేటు దగ్గర ఆమె కూచోలేదు, ఏడవలేదు, నా వైపే చూస్తూ ఉంది. చివరికి అమ్మే చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"నడువు. నేను సుత అస్త. ఇరిగింది నా శెయ్యి గదా."

అతన్ని ఉంచిన ఠాణాకు ముగ్గురం బస్సెక్కాం. అక్కడ అధికారి నా నక్షను బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర గీతలు చెరగలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎంత సరిగ్గా చెబితే అంత నమ్ముతారనుకున్నాను.

"రోడ్డు నుంచి ఎంత దూరం ఇది?"

"ఇరవై రెండడుగుల నాలుగంగుళాలండి."

"కక్కూసు గుంతకి అంగుళాలతో సహా ఎవడు కొలుస్తాడయ్యా?"

నేను కొలుస్తాను, అంతే. అతను ఖాళీ గడి మీద వేలు పెట్టాడు.

"అన్నీ రాసి, ఇదేంటో ఎందుకు రాయలేదు?"

చివరన రాస్తామండి అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

అప్పుడు అమ్మ కట్టు ఉన్న చేయిని నక్ష మీద పెట్టింది. "సారూ, మా ఇంటికచ్చి సూడుండ్రి. పాచి ఇంక గట్లనే ఉన్నది. గీ పిలగాడు సిన్నప్పటి సంది గింతే. రొట్టె సుత కొలిచి తింటడు. గీన్ని జూసి ఆయన్ను కొట్టకుండ్రి."

గదిలో ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. ఒక పోలీసును మా ఇంటికి పంపి పెరడు చూసి రమ్మన్నాడు. అతను తిరిగి వచ్చేదాకా మమ్మల్ని వరండాలో కూచోబెట్టారు. నాలుగు గంటలప్పుడు వచ్చాడు. నాకు పెన్ను ఇచ్చి ఆ గడిలో పేరు రాయమన్నారు. 'స్నానాల గది, కక్కూసు గుంత' అని రాసి సంతకం పెట్టాను. నక్ష వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

సుతారిని వెనక గదిలో నుంచి తెచ్చారు. అరికాళ్లు నేలకు ఆనించలేక పాదాల అంచుల మీద నడుస్తున్నాడు. భార్య భుజం పట్టుకొని బస్సెక్కాడు.

ఇక రాడనుకున్నాను. ఠాణాలో మూడు రాత్రులు ఉండి వచ్చిన మనిషిని ఊళ్లో మరో తీరుగా చూస్తారు. అక్కడ ఏం చెప్పి బయటపడ్డావని అడవిలో వాళ్లు అడుగుతారు. ఆ జవాబు కూడా అతనే చెప్పుకోవాలి. నా పద్నాలుగు ప్రశ్నల్లో అతను ఏ దారిన వస్తాడు, ఏ దారిన పోతాడు అన్నది లేదు.

మూడు వారాలకు వచ్చాడు, ఖాళీ జేబులతో, అదే నడకతో.

"సున్నముందా సారూ?" అన్నాడు.

అతను చెప్పినట్టు నేల మీద గీశాను. తొమ్మిది రోజుల్లో కట్టాడు. పొద్దుండగానే ఇల్లు చేరాలని మూడింటికే తాపీ కడుక్కునేవాడు. నేను అడ్డు చెప్పలేదు. గచ్చు ఆరాక అతనే రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూపించాడు. చుక్క కారలేదు. తూము తెరిస్తే నీళ్లన్నీ ఒక్క వైపుకే పోయాయి.

గుంత మూసి మట్టి కప్పాక, గొట్టం ఎక్కడ మలుపు తిరిగిందో రాసుకుందామని పెన్సిలు తీశాను. ఇంటివాళ్ల దగ్గర అది రాసి ఉండాలి. నా పట్టికలో అదీ ఉంది. అతని కళ్లు పెన్సిలు మీదే ఆగిపోయాయి. దాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాను. అతను గుమ్మం దగ్గర నిలబడి నడిచి చూపించాడు.

"గడప కాడి కెళ్లి ఏడడుగులు. మల్ల ఎడమకు మూడు. యాదివెట్టుకో."

ఇది జరిగి మూడేళ్లు. పోయిన నెల గొట్టం అడ్డుపడితే కొత్త పనివాడు నక్ష ఏమన్నా ఉందా అని అడిగాడు. లేదని చెప్పి గడప దగ్గర నిలబడ్డాను. ఏడడుగులు వేసి ఎడమకు తిరిగి మూడు వేశాను. అతను అక్కడ తవ్వితే మట్టి తప్ప ఏమీ దొరకలేదు. అరుగు మీద కూచున్న అమ్మ చూస్తూ ఉంది.

"గంత పెద్ద అడుగులు ఎయ్యలేదు గదరా ఆయన," అంది.

వెనక్కి వచ్చి, పాదాల అంచుల మీద, ఆ రోజు సుతారి నడిచినట్టు నడిచాను. ఏడు, ఎడమకు మూడు. గొట్టం అక్కడే ఉంది.