చివరి అంకం మార్చమన్నారు

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా తెలుగు సంఘం వార్షికోత్సవానికి ఒక నాటకం వేద్దామని నేనే పట్టుబట్టాను. పోయిన శతాబ్దంలో రాసిన ఒక అమెరికన్ నాటకాన్ని తెలుగులోకి తెచ్చాను. కష్టపడితే పైకొస్తామని ముప్ఫై ఏళ్లు నమ్మిన ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌ని కంపెనీ ఒక్క పూటలో వదిలించుకుంటుంది. అతను కంపెనీని ఒక్క మాట అనడు. తప్పు తనదేననుకుని కుంగిపోతాడు.

ఫోర్‌మన్ వేషం మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండే వరంగల్ అబ్బాయిది, సాఫ్ట్‌వేర్ టెస్టర్. అతన్ని ఉద్యోగంలోంచి తీసేసే ఆఫీసర్ వేషం నాది.

రిహార్సల్స్ సగంలో ఉండగా అతని ఉద్యోగం నిజంగానే పోయింది. వీసా రూల్ ప్రకారం అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే భార్యనీ, రెండో తరగతి చదివే కూతుర్నీ తీసుకుని దేశం వదిలి వెళ్లాలి. ఇక రాడనుకున్నాం. ఆ ఆదివారం అందరికంటే ముందే వచ్చాడు.

నేను బల్ల గుద్ది, గొంతు పెంచి డైలాగ్ చెప్పాను. అతను చెయ్యెత్తి ఆపాడు.

"అట్ల కాదక్కా. వాళ్లు కోప్పడరు. మస్తు మర్యాదగ మాట్లాడతరు. నా మేనేజర్ ఫస్ట్ నా బిడ్డ ఎట్లుందని అడిగిండు. తర్వాత తీసేస్తున్నమని చెప్పిండు. నేను థ్యాంక్యూ అన్న. ఎందుకన్ననో ఇప్పటికీ సమజైతలేదు."

ఆ థ్యాంక్యూని స్క్రిప్ట్‌లో చేర్చి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నవ్వుతూ చెప్పాను. నా మర్యాద మీద నాకే అసహ్యం వేసింది.

తర్వాతి వారం మా స్పాన్సర్, రియల్ ఎస్టేట్ పెద్దాయన, రిహార్సల్ చూడ్డానికొచ్చాడు.

"బాగుందమ్మా, కానీ ఎండింగ్ డిప్రెసింగ్‌గా ఉంది. చివర్లో అతను సొంత బిజినెస్ పెట్టి సక్సెస్ అయినట్టు మార్చు. పిల్లలు చూస్తారు కదా."

"అలా మారిస్తే అబద్ధమైపోతుందండీ."

"ఈ దేశంలో కష్టపడ్డవాడికి అన్యాయం జరగదు. నన్ను చూడు!"

ఆయన పక్కనే, వారమంతా రెజ్యూమెలు పంపి కళ్లు లోపలికి పోయిన మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన అటు తిరిగి కూడా చూడలేదు. కమిటీవాళ్లంతా తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మారిస్తే నేను వెయ్యను," అన్నాను. ప్రోగ్రామ్‌లోంచి మమ్మల్ని తీసేసి, ఆ టైమ్‌కి ఇంకో సినిమా డ్యాన్స్ పెట్టారు.

మేము మా అపార్ట్‌మెంట్స్ క్లబ్‌హౌస్ బుక్ చేసి, మడత కుర్చీలు వేసి, ఒక శనివారం సాయంత్రం ఆడాం. నలభై మంది వచ్చుంటారు. నేను నవ్వుతూ ఫోర్‌మన్‌ని తీసేశాను. అతను థ్యాంక్యూ అనాల్సిన చోట అనలేదు. "నా తప్పేంది మేడమ్?" అని అడిగి, నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. అది స్క్రిప్ట్‌లో లేదు.

అయిపోయాక పార్కింగ్‌లో మాకు తెలిసిన ఒకాయన నన్ను పక్కకి పిలిచి మెల్లిగా అడిగాడు. "ఇంతకీ ఆ అబ్బాయి జాబ్ ఎందుకు పోయింది? పర్‌ఫార్మెన్స్ ఇష్యూనా?"

"ఇంతసేపూ ఏం చూశారండీ మీరు?" అని అరిచాను. అందరూ తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

అతనికి ఉద్యోగం దొరకలేదు. స్కూలు సంవత్సరం మధ్యలోనే కూతుర్ని మాన్పించి, గడువు ఇంకా వారం ఉందనగా వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయారు.

మొన్న కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. ఈ ఏడాది నాటకం రాసివ్వాలట, కామెడీ అయితే స్పాన్సర్‌కి అభ్యంతరం లేదట. రాయనని చెప్పి పెట్టేశాను.