చేటెడు తవుడుకి అమ్మిన పిల్ల

తవుడమ్మకి ఒళ్ళు హూనమైపోయింది. పొద్దున్నే రేపల్లెలో చేపల గంప ఇంకొకరికి అప్పజెప్పి, రైలెక్కి తెనాలి ఆసుపత్రికి వచ్చింది మొదలు, ముసలి రత్తాలుకి ఒళ్ళు తుడవడం, గంజి తాగించడం, తిట్లు తినడం. తిట్లకేం కొదవ! మనిషి మంచాన పడ్డా ఆ నోరు మాత్రం పడలేదు.

“ఇదేం పేరమ్మా?” అని అడగనివాళ్ళు లేరు. ఈ వైపు ఆ పేరు ఇంకెవరికీ లేదు మరి. రత్తాలుకి వరసగా నలుగురు పుట్టి పోయారు. అయిదోది పుట్టగానే, పెద్దవాళ్ళు చెప్పినట్టు, పురిటి మంచం మీంచే పక్కింటి గాజుల అబీదాకి అమ్మేసింది. ధర చేటెడు తవుడు. అమ్మకం పేరుకే, పిల్ల పెరిగింది రత్తాలు దగ్గరే. అంత చవక సరుకుని చావు కన్నెత్తి చూడదని నమ్మకం. అందుకే తవుడమ్మ. పెళ్ళికి ముందు కన్నతల్లి మళ్ళీ కొనుక్కోవాలి. కొంటే ఎక్కడ చావు కళ్ళు పడతాయోనని రత్తాలు కొనలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, అబీదా కూడా పోయింది. పాలిచ్చి పెంచిన తల్లిని తవుడమ్మ ఇప్పటికీ “రత్తాలక్కా” అనే పిలుస్తుంది. చిన్నప్పుడోసారి “అమ్మా” అన్నందుకు చెంప పగిలింది.

సాయంత్రం నర్సు ఝాన్సీలక్ష్మి వచ్చింది. “రాత్రికి ఆడవాళ్ళ వార్డులో సొంతవాళ్ళే ఉండాలండి. మామ్మగారూ, ఈవిడ మీకేమవుద్ది?”

తవుడమ్మ ముసలిదాని మొహంలోకి చూసింది. ఒక్క ముక్క. యాభై ఏళ్ళుగా ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయిన ముక్క. ఇప్పుడన్నా అంటుందా?

“పక్కింటోళ్ళ పిల్లండి,” అంది రత్తాలు. “నాకు పిల్లల్లేరు.”

నర్సు అవతలి మంచం దగ్గరికి వెళ్ళగానే తవుడమ్మ బుస్సుమంది. “నీకేమన్నా మతుందా? నాకే మనవలు పుట్టారు! ఇంకా నన్నెవరు ఎత్తుకుపోతారు? రాత్రంతా ఒక్కదానివే పడుంటావా?”

“నోర్ముయ్యవే, వినపడుద్ది,” అని రత్తాలు చేత్తో కూతురి నోరు మూసేసింది. ఎవరికి వినపడుద్దో చెప్పలేదు. తలుపు వైపు చూసింది, అంతే. “నలుగుర్నీ ‘నా బిడ్డ’ అన్నానే. ఒక్కళ్ళు మిగల్లేదు. నేను పోయేదాకా ఓర్చుకో.”

తవుడమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. కోపం మాత్రం తగ్గిందా అంటే, అదీ లేదు. దుప్పటి గుండెల దాకా కప్పి, సంచీ తీసుకుని నర్సు దగ్గరికి వెళ్ళింది.

“అవునండి, పక్కింటిదాన్నే. వరండాలో కూర్చుంటాను,” అంది. “కాస్త చూసుకోండమ్మా. మా రత్తాలక్కకి రాత్రిళ్ళు దాహమెక్కువ.”