తువాలు కింద ఎంపిక

నేను బేరమాడకుండా ఇంటికి తెచ్చుకున్నది జలుబొక్కటే అంటుంది మా ఆవిడ. ధాన్యం దుకాణంలో, మా నాన్న పక్కన, బాపు అనేవాణ్ని, కూచుని పెరిగినవాణ్ని మరి. ఇప్పుడు సికింద్రాబాద్‌లో కప్పులు, షీల్డులు అమ్ముతాను. మా ఏరియా వారపత్రిక ఏటా హైస్కూలు ఆటగాళ్లలో ఒకరిని ఎంచి, మొదటి పేజీలో ఫొటో వేసి సన్మానిస్తుంది. ఆ కప్పు నేనే ఊరికే ఇస్తాను. ఊరికే అంటే, లోపలి పేజీలో నా దుకాణం ప్రకటన కప్పుకంటే పెద్దగా వేయించుకుని.

ఎంచేది స్కూళ్ల పీఈటీ సార్లు. ఒకరి పిల్లాడికి ఇంకొకరు మొహం మీదే మార్కులు తగ్గించలేక మొదట్లో మొహమాటాలు, తర్వాత అలకలు. అందుకే బాపు దగ్గర చూసిన పద్ధతి పెట్టాను. మార్కెట్లో పెద్ద బేరాలకు ధర పైకి చెప్పేవాళ్లు కాదు, తువాలు కింద చేతిలో వేళ్లు నొక్కి తెలిపేవాళ్లు. ఇక్కడా అంతే. కుడిచెయ్యి తువాలు కింద చాపి, ఎడమచేత్తో కళ్లు మూసుకుంటాను. ఒక్కో పేరుకూ ఒక్కొక్కరే వచ్చి, ఎన్ని మార్కులో అన్ని వేళ్లు అరచేతిలో నొక్కి పోతారు. మొత్తం నాకొక్కడికే తెలుస్తుంది. గెలిచిన పేరు తప్ప ఇంకేమీ పైకి చెప్పను.

ఒక్క చెయ్యి మాత్రం కళ్లు మూసుకున్నా తెలిసేది. బన్సీలాల్‌పేట్ వైపు బడిలో పనిచేసే మేడమ్‌ది. ఎప్పుడో షాట్‌పుట్ గుండు పడి ఉంగరపు వేలు వంకరగా అతుక్కుంది. ట్రాకు గీతలు వేసిన సున్నం వేళ్లకు గరగరలాడేది. ఆమె ఒకే లెక్కను రెండుసార్లు నొక్కేది.

“నువ్వు బేరగానివి అన్నా, అందలేదంటవ్,” అనేది.

పోయిన వానాకాలంలో ఆమె చనిపోయింది. ఆ పోస్టులో ఇంకా ఎవర్నీ వెయ్యలేదు. ఆమె తయారుచేసిన అమ్మాయి ఒకతి పదో తరగతిలో ఉంది, ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తుతుంది. పేపర్లో పడితే స్పోర్ట్స్ హాస్టల్‌కు పంపుతానని, లేకపోతే పరుగు బంద్ చేయించి పార్లర్‌లో పనికి పెడతానని వాళ్ల నాన్న తేల్చేశాడు. ఈసారి ఎంపికకు చేరిన గదిలో ఈ సంగతి అందరికీ తెలుసు.

“ఈ పాప తరఫున ఎవరు?” అన్నాడు ఎడిటర్.

“మాట్లాడెటోళ్లు లేరు గద, తీసెయ్యుండ్రి,” అన్నాడు బోయిగూడ సార్. ఆయన దగ్గర ఫుట్‌బాల్ కెప్టెన్ ఉన్నాడు, మంచి ఆటగాడు.

“సరుకు ముంగట్నే ఉన్నది, దళారి ఎందుకు సార్? వేళ్లు పడనియ్యుండ్రి,” అన్నాను.

చివరికి ఆ ఇద్దరే మిగిలారు. గదిలో సార్లు నలుగురు. కెప్టెన్‌కు నాలుగు చేతులు వచ్చి వెళ్లాయి. తర్వాత అమ్మాయికి. నాలుగో చెయ్యి తీసేసరికి ఇద్దరూ సమానం. కళ్లు తెరవబోతున్నాను. అప్పుడు ఇంకో చెయ్యి వచ్చింది.

బయట పొద్దున్నుంచీ ముసురు. అందరి చేతులూ చల్లగా, తడితడిగా ఉన్నాయి. ఈ చెయ్యి మాత్రం ఎండలో గంటలకొద్దీ నిలబడి వచ్చినట్టు వేడిగా, పొడిగా ఉంది. సున్నం గరుకు. అయిదు వేళ్లూ నొక్కింది, అందులో ఒకటి వంకర. ఆగి, మళ్లీ నొక్కింది.

కళ్లు తెరిచాను. నలుగురూ వాళ్ల వాళ్ల కుర్చీల్లో ఉన్నారు. ఎడిటర్ ఫోన్ చూసుకుంటున్నాడు.

ఎన్ని బేరాలు చేసినా, అందింది అందలేదని ఏనాడూ అనలేదు నేను. అమ్మాయి పేరు చెప్పాను.

సన్మానమైన కొన్నాళ్లకు బోయిగూడ సార్ దుకాణానికి వచ్చాడు. గొడవకే అనుకుని నాలుగు తియ్యటి మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన కూచోలేదు.

“అన్నా, ఆ దినం ఎడమ చెయ్యి సుత తువాలు కిందనే పెట్టినవా?”

“లేదు సార్. కండ్ల మీదుండె. ఏమైంది?”

“పాపకు నా వంతొచ్చి చెయ్యి పెడితే లోపల రెండున్నయి. ఒకటి నీది. ఇంకోటి గరంగుండె.”

నా కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాను. ఆయనే అడిగాడు. “పాపకు హాస్టల్‌ల సీటొచ్చిందా?”

“వచ్చింది. పోయిన సోమవారమే చేరింది.”

“అయితే ఇడిసెయ్. ఎవరికీ చెప్పకు.”

అలవాటుగా చెయ్యి చాపాను. ఆయన దానివంక చూశాడు, తన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు, మెట్లు దిగి వెళ్లిపోయాడు.