పాస్టరుగారికి పంపిన గ్రీకు పుట

న్యూయార్క్‌లో ఒక మ్యూజియంలో, ప్రాచీన బైబిల్ రాతప్రతికి తీసిన నకలు ముందు నిలబడ్డాను. ఎడమ పుట గ్రీకు, కుడి పుట లాటిన్. రెండు భాషల్లోనూ నా పాండిత్యం సరిసమానం, అంటే సున్నా. అందుకని బొమ్మలేమైనా ఉన్నాయా అని వెతుకుతున్నాను.

"తెలుగువాళ్లా అన్నా?" అంటూ ఒకతను పలకరించాడు. పేరు ప్రభుదాస్, ఊరు తెనాలి, జెర్సీ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మర్నాడు వాళ్ల తెలుగు చర్చిలో అమెరికన్ పాస్టరు ప్రసంగిస్తుంటే, పక్కనే నిలబడి ఒక్కో మాటా తెలుగులో చెప్పాల్సింది ఇతనే.

"పోయినసారి ఆయన ఊపిరి తీసుకోకుండా మాట్లాడేశాడన్నా. అదంతా గుర్తులేక, 'దేవుడు మంచివాడు' అని ఊరుకున్నా. ముందు వరసలో మా అత్తగారు! రేపు కూడా అలాగైతే మైకు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

ఇంతలో అక్కడి గైడు, ఒక పెద్దావిడ, గాజుపెట్టె మీద వేలు పెట్టి చూపించింది. "లైన్లు ఎంత పొట్టిగా ఉన్నాయో చూడండి. ఇటు ఒక చిన్న మాట గ్రీకులో, దానికి ఎదురుగా అదే మాట లాటిన్‌లో."

ప్రభుదాస్ వెంటనే ఫోటో తీసి పాస్టరుకి పంపాడు: "రేపు ఇలా ఆగి ఆగి చెప్పండి, ప్లీజ్."

కాసేపటికి జవాబొచ్చింది. ప్రభుదాస్ గైడుకి సంగతి చెప్పి, దాన్ని పైకి చదివాడు. "తప్పకుండా. కానీ టైము రెట్టింపవుతుంది కదా, ప్రసంగం సగానికి తగ్గిస్తాను."

అది విని గైడు మా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"మా చర్చిలో అందరికీ ఇంగ్లీషే వచ్చు. అయినా ఆ ఫోటో మా పాస్టరుకి కూడా పంపుతావా?"