మ్యూజియం మైల

నా మనవరాలి బారసాలలో బియ్యంలో పేరు రాయాల్సింది నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత నేను ఎందుకంత ఓర్చుకున్నానో, ఎందుకు ఓర్చుకోలేకపోయానో తెలుస్తుంది. మామూలుగా పళ్లెంలో బియ్యం పోసి తండ్రి ఉంగరంతో పేరు రాస్తాడు. కానీ నా కూతురు కడుపుతో ఉన్నప్పుడే భర్తను ఒప్పించింది. మా అమ్మ యాభై దాటాక అక్షరాలు నేర్చుకుంది, నా బిడ్డ పేరు ఆవిడే రాస్తుంది అంది. అల్లుడు సరేనన్నాడు. అల్లుడి తల్లి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే జాగ్రత్తగా ఉండాలని అప్పటికి నాకు తెలియదు.

మాది విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున వేటకు వెళ్లే కుటుంబం. రేవులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లో అమ్మేదాన్ని. వియ్యపురాలు ఉండే సీతమ్మధార వీధులు కూడా నేను తిరిగినవే. ఆవిడ ఎన్నడైనా నా దగ్గర చేపలు కొన్నదో లేదో నాకు గుర్తులేదు. ఆవిడ మాత్రం కొనలేదని గట్టిగా చెబుతుంది. ఆ ఇంటి అబ్బాయి, మా అమ్మాయి ద్వారకా నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్‌లో చదివారు. ఇద్దరికీ కలకత్తాలో ఉద్యోగాలొచ్చాయి, పెళ్లి చేసుకున్నారు. పెళ్లిపందిట్లో నా పక్కన కూర్చోవలసి వచ్చినప్పుడు ఆవిడ మా ఇద్దరి మధ్య తన హ్యాండ్‌బ్యాగు పెట్టింది.

కాన్పుకి కలకత్తా వెళ్లింది నేను. బిడ్డకు నీళ్లు పోసింది, తల్లికి పథ్యం వండింది నేను. వియ్యపురాలు బారసాలకు ముందురోజు తెల్లవారుజామున బండి దిగింది. భర్త ఉద్యోగం వల్ల ఒకప్పుడు ఆవిడ ఆ ఊళ్లోనే కాపురం చేసింది, ప్రతి వీధీ తెలుసు. దిగి కాఫీ తాగగానే నాకు ఊరు చూపిస్తానంది.

"ఇంత దూరం వచ్చి వంటింట్లోనే ఉంటారా వదినగారూ? ఒకప్పుడు దేశానికే రాజధాని ఇది. మ్యూజియాలు చూడాలి. ఇప్పుడు మీరు చదువుకున్నారు కూడా కదా."

ఆఖరి మాట నాతో అన్నది కాదు, నా కూతురు వినాలని అన్నది. కూతురు సంబరపడిపోయి నా చేతికి నీళ్ల సీసా ఇచ్చి పంపింది.

ఆ రోజు తెల్లరాతి మహలుకు వెళ్లాం. లోపలంతా దొరలు, దొరసానులు, వాళ్ల గుర్రాలు, కత్తులు, వాళ్లు కూర్చున్న కుర్చీలు. ఎవరూ కూర్చోకుండా కుర్చీల చుట్టూ తాళ్లు కట్టారు. ఖాళీ కుర్చీలకు కాపలా కాసే మనిషి మాత్రం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఊరిమీద పడి తిన్నవాళ్ల సామాను రోజూ ఇంత శుభ్రంగా తుడవడం దేనికి?

వియ్యపురాలు ప్రతి బొమ్మ ముందూ ఆగి, కింద రాసిపెట్టిన అట్టను వేలితో చూపించి, చదవమనేది. అక్కడ తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాలు నేను షాపుల బోర్డులు చూసి నేర్చుకున్నాను కాబట్టి ఒక్కొక్కటే కూడబలుక్కునేదాన్ని. వెనక జనం ఆగిపోయేవారు. ఆవిడ వాళ్లతో హిందీలో ఏదో చెప్పేది. వాళ్లు నన్ను చూసి నవ్వుతూ పక్కనుంచి వెళ్లిపోయేవారు. ఏం చెప్పారని అడిగితే, కొత్తగా నేర్చుకుంటున్నారని చెప్పాను, మెచ్చుకుంటున్నారు అంది. ఆ నవ్వు మెచ్చుకోలుదో కాదో నాకు తెలుసు. బేరం కుదరనప్పుడు మనుషులు నవ్వే నవ్వులన్నీ చూసినదాన్ని. అయినా ఊరుకున్నాను. గొడవ పడితే పళ్లెం నా ముందుకు రాదు. ఇంటికొచ్చాక ఎలా ఉందని కూతురు అడిగితే బాగుందన్నాను.

మర్నాడు సాయంత్రం బారసాల. వంట బయట చెప్పారు కాబట్టి పొద్దున్న ఖాళీయే అని, అన్నిటికంటే పెద్ద మ్యూజియం చూడాల్సిందేనని ఆవిడ మళ్లీ బయలుదేరదీసింది.

అది నాకు మ్యూజియంలా లేదు, శ్మశానంలా ఉంది. ఏనుగు ఎముకలు, తిమింగలం దవడలు, చేతులు విరిగిన దేవతలు. ఒక గదిలో సీసాల నిండా మందునీళ్లలో చేపలున్నాయి.

"మీ చుట్టాలు వచ్చారు వదినగారూ, పలకరించండి" అంది ఆవిడ.

"ఈటిని మీ ఈదిలో అమ్మితే మొప్పలెత్తి సూసి తిప్పి పంపేసేవోరు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఇంకా కొంత దూరం నడిచాక ఒక చీకటి గది ముందు ఆగింది. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని బల్లమీద కూర్చుంది. లోపల తప్పకుండా చూడాల్సినది ఒకటుంది, మీరు వెళ్లి చూసి రండి అంది. నేను వెళ్లాను.

అద్దాల పెట్టెలో మనిషి శవం ఉంది. ఒళ్లంతా గుడ్డ చుట్టి ఉంది. ముఖం మాత్రం నల్లగా, చిన్నగా, ఎండిపోయి కనబడుతోంది. ఏదో దేశంలో వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన మనిషని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఎవరో చచ్చిపోయారని మాత్రమే. చుట్టూ కాలేజీ పిల్లలు ఆ ముఖం పక్కన తమ ముఖాలు పెట్టి ఫొటోలు తీసుకుంటున్నారు.

మా మామగారు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. అత్త చాలా కాలం ఒడ్డున కూర్చుని చూసేది. శవం దొరకడమే అదృష్టమనుకునే ఇల్లు మాది. అందుకే మావాళ్లు ఎవరి శవం కనబడినా ఊరికే తిరిగి రారు. కొంగు తలమీద కప్పుకుని దండం పెట్టాను. కళ్లు తుడుచుకున్నాను. వెనక్కి తిరిగితే వియ్యపురాలు మోకాళ్ల నొప్పి మరిచిపోయి గుమ్మం దాకా వచ్చి నిలబడి నన్నే చూస్తోంది. గుమ్మం మాత్రం దాటలేదు.

దారిలో ఆ మాట ఎత్తలేదు. ఇంటికి వెళ్లగానే ఆవిడ చుట్టాలతో మాటల్లో పడింది. నేను బిడ్డ పనిలో పడ్డాను. పట్టుచీర కట్టుకుని హాల్లోకి వచ్చేసరికి పురోహితుడు పళ్లెంలో బియ్యం సర్దుతున్నాడు. పీటమీద కూర్చోబోతుంటే వియ్యపురాలు పురోహితుడిని అడిగింది, శవాన్ని చూసొచ్చినవాళ్లు తలస్నానం చేయకుండా శుభకార్యంలో చెయ్యి పెట్టవచ్చా అని.

హాలంతా నావైపు తిరిగింది. కూతురికి అర్థం కాలేదు. మ్యూజియంలో ఉన్న శవమని అల్లుడే వివరించి, రోజూ ఎంతమంది చూస్తారో, అందరికీ మైలేనా అని నవ్వేశాడు.

"చూసినవాళ్లకి లేదు నాన్నా. వాళ్లకది బొమ్మ. ఈవిడ ముసుగేసుకుని, దండం పెట్టి, కన్నీళ్లు పెట్టుకుంది. ఈవిడకది శవమే" అంది ఆవిడ.

ఆ మాట అబద్ధం కాదు మరి. నాకది శవమే. ఆ గదిలోకి నన్ను పంపిందెవరని అడగొచ్చు. మోకాళ్లు నొప్పి అని కూర్చున్నది ఎందుకో అడగొచ్చు. అడిగితే పేచీ అవుతుంది, ముహూర్తం దాటిపోతుంది, దాటించింది నేనవుతాను. స్నానం చేస్తే సరిపోతుంది, తొందరగా రమ్మన్నాడు పురోహితుడు.

"తానం సేసొత్తాను. అందాకా పళ్లెం ముట్టుకోకండి" అని కూతురితో చెప్పాను. అలాగేనమ్మా అంది.

వేడినీళ్ల కోసం ఆగలేదు. చన్నీళ్లే కుమ్మరించుకుని, దొరికిన చీర చుట్టుకుని, తల తుడుచుకోకుండానే వచ్చాను. అల్లుడు ఉంగరం తిరిగి వేలికి తొడుక్కుంటున్నాడు. పళ్లెంలో పేరు రాసి ఉంది. ఇంగ్లిషు చదువుల చేతిరాత, గుండ్రంగా, తేలిగ్గా రాసేసినట్టు. కూతురు ఒళ్లో బిడ్డను చూస్తూ తల ఎత్తలేదు. టైమైపోతోందని అత్తయ్య అన్నారమ్మా అంది.

వియ్యపురాలు పూలు సర్దుతోంది. ఆవిడ ముఖంలో గెలుపు కూడా లేదు. పని అయిపోయినవాళ్ల ముఖం అది. ఆ ముఖం చూశాకే నాకు తెగింపు వచ్చింది.

వెళ్లి పీటమీద కూర్చున్నాను. అరచేత్తో బియ్యం చదును చేశాను.

ఆవిడ చేతిలో పూలు ఆగిపోయాయి. "బిడ్డ పేరు చెరిపేస్తున్నారా? శుభమని కార్యం చేసుకుంటుంటే?"

"సెరిపి రాయడం నాకలవాటే వదినగారూ. పలకమీద నేర్సుకున్నాను గదా."

వేలితో రాశాను. నా జుట్టు నీళ్లు బియ్యంలో పడుతున్నాయి, గింజలు వేలికి అంటుకుంటున్నాయి. మొదటి అక్షరం కొంచెం పెద్దదైపోయి చివరి అక్షరాన్ని అంచుకు ఆనించి రాయాల్సి వచ్చింది. పురోహితుడు వియ్యపురాలి వైపు చూశాడు, నావైపు చూశాడు. తర్వాత పళ్లెంలోకి వంగి నా రాత చదివి, పేరు పైకి పలికాడు.

ఆ రాత్రే ఆ ఇంటినుంచి విశాఖపట్నం ఫోన్లు వెళ్లాయి. చేపలావిడ పసిబిడ్డ పేరు చెరిపేసిందని బంధువులందరికీ తెలిసింది. కూతురు నాతో అవసరమైనంతే మాట్లాడింది. నన్ను బండి ఎక్కించడానికి అల్లుడొక్కడే వచ్చాడు. నా సంచి సీటు కింద పెట్టి, "మా అమ్మ చాలా బాధపడింది అత్తయ్యా" అన్నాడు.

"పడనీ బాబూ" అన్నాను.