డిస్కుకు ఎక్కని చూపు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఇట్లాంటివి రాసేవాళ్ళంతా మొదట ఈ మాటే రాస్తారని నాకు తెలుసు. కానీ నాకది ఊరికే వచ్చిన మాట కాదు. దానికోసం నేను రాళ్ళ దెబ్బలు తిన్నాను. దయ్యం పట్టిందని జనం వేపమండలతో బాదుతున్న ఒక ఆడపిల్లను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోతే, వాళ్ళ నాయనే నా షాపు మీదికి రాళ్ళు రువ్వినాడు. ఆ మచ్చ ఇప్పటికీ నా నుదుటి మీద ఉంది. కావాలంటే రాయదుర్గం వచ్చి చూసుకోండి.

నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగిలిందంతా పాత పుస్తకాలు కొనుక్కొని, తెలుగులోనూ కన్నడంలోనూ కూడబలుక్కొని చదువుకున్నదే. మోటరు వైండింగ్ షాపు నాది. బోర్లలో కాలిపోయిన మోటర్లను విప్పి, మాడిన రాగితీగ పెరికేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాను. మా పక్క నీళ్ళు అడుగుకు పోయేకొద్దీ నా పని పెరిగింది. దాని గురించి నాకు సంతోషమేమీ లేదు.

మోటరు ఎందుకు కాలుతుందో నన్ను అడగండి, చెప్తాను. బోరులో నీళ్ళు అయిపోయినాక వట్టిగా తిరిగితే కాలుతుంది. వోల్టేజి పడిపోతే కాలుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయి మిగతా రెండింటి మీద ఈడిస్తే కాలుతుంది. మనిషి చూస్తే కాలదు.

మా అక్క తిప్పక్క గుమ్మఘట్ట దగ్గర ఒక పల్లెలో ఉండేది. మా బావ పోయినాక ఒంటరిది. పిల్లలు లేరు. నా దగ్గరికి వచ్చేయమంటే, “మీ టౌన్లో తాగే నీళ్ళు గూడా కొనల్ల, నేను రాను పోరా” అనేది. ఎవరి చేన్లో బోరు ఆడుతుంటే అక్కడికి బిందె ఎత్తుకుని పోయేది. బిందె నిండేవరకు పైపు మూతికేసి అట్లే చూస్తూ నిలబడేది. నీళ్ళు పడుతుంటే చూడడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

ఆ ఎండాకాలం అదే ఊరి నాగప్ప మోటరు రెండోసారి కాలింది. నా షాపుకే తెచ్చినాడు. విప్పి, మాడిన చుట్టలు చూపించినాను.

“ఏమప్పా నాగప్పా, నీ బోర్లో నీళ్ళు లేవు. వట్టి గాలి తోడుతాండాది. కాలక ఏం చేస్తాది?”

“నీళ్ళు యాడికి పోయినాయన్నా మరి? మీ యక్క వచ్చి చూసినంక పోయినాయి. మోటరూ ఆమె చూసినంకే కాలింది.”

“మా అక్క చూపులో అంత పవరు ఉంటే కరెంటాఫీసోళ్ళు జీతమిచ్చి పెట్టుకుందురు లేప్పా.”

షాపులో ఉన్నవాళ్ళు నవ్వినారు. నాగప్ప నవ్వలేదు.

కొత్త తీగ చుట్టి ఇచ్చినాను. బోర్లో నీళ్ళు లేవని చెప్పినా వినకుండా అదే మోటరు మళ్ళీ దింపినాడు. మళ్ళీ కాలింది. ఈసారి నా షాపుకు రాలేదు, మా అక్క ఇంటికి పోయినాడు.

పట్టపగలు జరిగింది. నేను రాగితీగ కోసం బళ్ళారి పోయి ఉన్నాను. నాగప్ప, వాని తమ్ముడు, వాని బావమరిది కలిసి మా అక్కను జుట్టు పట్టి ఈడ్చుకుపోయి, బోరు స్టార్టరు బిగించిన రాతి కూసానికి పైపు తాడుతో కట్టినారు. చూపు మీద పడకుండా కండ్లకు టవలు బిగించినారు. మంత్రం నోట పలక్కుండా పండ్లు పెరికినారు. మా పక్క ఇది పాత దుర్మార్గం. పండ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదట. స్టార్టరు డబ్బాలో ఉండే కటింగ్ ప్లేయరుతో పెరికినారు. ఆ వయసులో ఆమెకు మిగిలినవే నాలుగు పండ్లు. తర్వాత ప్లాస్టిక్కు పైపుతో కొట్టినారు. ఊరు ఊరంతా గట్ల మీద నిలబడి చూసింది. అనంతపురం ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకునే మా అక్క చచ్చిపోయింది. ఒక్క మాట పలకడానికి నోరు లేదు.

ఇదంతా బావమరిది ఫోన్లో తీసినాడు. ఘనకార్యం కదా, నలుగురికీ పంపినాడు. పోలీసులు వచ్చేలోపు ఆ ఫోను రాళ్ళతో కొట్టి బోర్లో వేసేసినాడు. కానీ వీడియో అప్పటికే చేతులు మారి ఖాజాకు చేరింది. ఖాజా నా షాపు ఎదురుగా ఫోటో స్టూడియో నడుపుతాడు. ఏడుస్తూ తెచ్చి నాకు చూపించినాడు.

ఆ వీడియో నేను చాలాసార్లు చూసినాను. చూడక తప్పలేదు. అందులో ఒకచోట మా అక్క తల విదిలిస్తే టవలు జారిపోతుంది. రక్తం కారే మొహంతో ఆమె నేరుగా ఫోనుకేసి చూస్తుంది. బొమ్మ అదురుతుంది. బావమరిది గొంతు వినిపిస్తుంది: “చూడద్దు! కండ్లు మూసుకో ముసల్దానా, కండ్లు మూసుకో!” ఆమె మూయదు. మొహం మీద కొడతారు. అయినా మూయదు. మళ్ళీ టవలు కడతారు.

కేసు కోర్టుకు వచ్చింది. గట్ల మీద నిలబడి చూసినవాళ్ళు ఒక్కొక్కరే బోనెక్కి, మాకేమీ తెలియదన్నారు. మా లాయరు నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు. “పెద్దాయనా, మనకు మిగిలింది ఆ వీడియో ఒక్కటే. ఈ కోర్టులో పెన్‌డ్రైవు తీసుకోరు, డిస్కులోనే రాసి తీసుకురా. ఖాజా తన ఫోనుకు వచ్చిందే ఇది అని సంతకం పెట్టాల. వచ్చే వాయిదాకు డిస్కు లేకపోతే ముగ్గురూ ఇంటికి పోతారు.”

ఈ కాలంలో డిస్కులు రాసేవాళ్ళు ఎవరున్నారు? ఖాజా కూడా పెండ్లి వీడియోలు పెన్‌డ్రైవులోనే ఇస్తాడు. అదృష్టం కొద్దీ నా దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది, డిస్కు డ్రైవు ఉన్నది. దాన్ని స్టూడియోలో పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఖాళీ డిస్కు వేసి, వీడియో ఎక్కించి, రాయమని నొక్కినాం. సగం దాటి కొంత దూరం పోయింది. గుర్రుమని శబ్దం వచ్చి, రాయడం కుదరలేదని చూపించి, ట్రే బయటికి వచ్చేసింది.

మొదట నేనేమీ అనుకోలేదు. మిషన్ అన్నాక మొరాయిస్తుంది. లెన్సు మీద దుమ్ము ఉందేమోనని దూదికి స్పిరిట్ అద్ది తుడిచినాను. డిస్కులు పాతవేమోనని వేరే కంపెనీవి తెప్పించినాను. వేగం తగ్గించి చూసినాం. బ్యాటరీ మీద కాకుండా ఛార్జరు పెట్టి నడిపినాం. డ్రైవు సాఫ్ట్‌వేర్ తీసేసి, ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసినాం. రాసే ప్రోగ్రాం మార్చినాం. వీడియో పేరు మార్చినాం, ఫార్మాటు మార్చినాం. ప్రతిసారీ అదే చోట ఆగిపోయింది. కోపం పట్టలేక ఒక డిస్కును గోడకేసి కొట్టినాను.

డ్రైవు పోయిందేమో చూద్దామని ఖాజా తన దగ్గరున్న ఒక పెండ్లి వీడియో రాసినాడు. దీనికంటే పెద్దది. చక్కగా ఎక్కింది. మళ్ళీ మాది వేస్తే ఆగిపోయింది. పోనీ వీడియో ఫైలే దెబ్బతిన్నదా అంటే, పెన్‌డ్రైవుకు ఇట్టే కాపీ అవుతుంది, ఎక్కడా తెగకుండా ఆడుతుంది.

అప్పుడు వీడియోను ముక్కలు చేసినాం. కోర్టులో ముక్కలు చెల్లవు, లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి మాత్రమే. అన్ని ముక్కలూ ఎక్కినాయి, ఒక్కటి తప్ప. టవలు జారి మా అక్క ఫోనుకేసి చూసే ముక్క.

ఇక్కడొక మాట చెప్పాలి. డిస్కు రాసే లేజరుకు బొమ్మ తెలియదు. మొహం తెలియదు, రక్తం తెలియదు. దానికి తెలిసింది ఒకటీ సున్నా. పెండ్లికూతురైనా, చావు దెబ్బలు తింటున్న ముసలామె అయినా దానికి ఒకటే. ఈ సంగతి ఖాజాకు నేను చెప్తానే ఉన్నాను. నాకు నేను చెప్పుకున్నానేమో కూడా.

ఆ ముక్కను ఇంకోసారి వేసినాం. డిస్కు తిరిగే చప్పుడు పెరిగి పెరిగి సన్నని కేక మాదిరి అయింది. ఆగిపోయింది. ఆ వెంటనే వాసన వచ్చింది. ఆ వాసన పట్టడానికి నాకు ఎవరి సాయమూ అవసరం లేదు. జీవితమంతా పీల్చిన వాసన. కాలిన వార్నిషు.

డ్రైవు విప్పినాను. డిస్కును తిప్పే మోటరు సోడా బుడ్డి మూత అంత ఉంటుంది. దానికి వెంట్రుకలంత రాగితీగ చుట్టలుంటాయి. చుట్టలన్నీ నల్లగా మాడినాయి. అంత కొద్ది కరెంటుకు అట్లా మాడవు, దానికంటే ముందు బోర్డు ఆగిపోవాల. బోర్డుకేమీ కాలేదు.

ఖాజా నా మొహం చూసినాడు. నేను వాని మొహం చూడలేదు.

బళ్ళారి నుంచి కొత్త డ్రైవు తెప్పించినాం, కేబులుతో బయట తగిలించేది. కొత్త డిస్కు. వీడియో మొత్తం వేసినాం. అదే చోటికి వచ్చేసరికి ఆ కేక మొదలైంది. ఖాజా ఆపబోతూ ముందుకు వంగినాడు. డిస్కు లోపలే పగిలి, ట్రే మూతి విరగగొట్టుకుని ముక్కలు బయటికి ఎగిరినాయి. ఒక ముక్క ఖాజా చెంప కోసింది. టేబుల్ మీద, కీబోర్డు మీద రక్తం. కుట్లు వేయించి తీసుకొచ్చి కూర్చోబెట్టి, ఆ డ్రైవు కూడా విప్పినాను. మోటరు మాడిపోయి ఉంది.

“అన్నా, ఒక మాట అంటే కొట్టవు కదా?” అన్నాడు ఖాజా.

“అను.”

“ఆ ఒక్కచోట ఆమె కండ్ల మీద మసక వేస్తే…”

నా చెయ్యి లేచింది. కుట్లున్న చెంప చూసి ఆగింది. “వాళ్ళు కట్టిన టవలు మళ్ళీ మనం కట్టాల్నా రా? కోర్టుకు అది చెల్లదు సరే, నాకు చెల్లుతుందా?”

ఖాజా తల వంచుకున్నాడు. “తప్పయింది లేన్నా. కానీ ఇది మాత్రం బయట ఎవరికీ చెప్పద్దు.”

చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. ఈ సంగతి ఆ ఊరికి తెలిస్తే ఏమంటారో నాకు కనపడుతూనే ఉంది. చూసినారా, చచ్చినాక గూడా మోటర్లు కాలుస్తాండాది, నాగప్ప చేసిందాంట్లో తప్పేముండాది అంటారు. పండ్లు పెరికిన చేతులకు దండలు వేస్తారు. వీడియో లేకపోతే వాళ్ళు ఇంటికి పోతారు. వీడియో ఎందుకు ఎక్కలేదో చెప్తే మీసాలు దువ్వుకుంటూ పోతారు.

మరుసటి రోజు వాయిదా అనగా ఇంకో డ్రైవు వచ్చింది. పొద్దున్నే స్టూడియో తెరిచినాం. ఖాజా దూరంగా తలుపు దగ్గర నిలబడినాడు. నేను డిస్కు వేసి నొక్కి, ముందే కూర్చున్నాను. పగిలితే నా మొహమే పగలనీ అనుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోతాంది. ఆ కోపం నాగప్ప మీదనో, మిషన్ మీదనో, ఎవరి మీదనో చెప్పలేను. చప్పుడు పెరగడం మొదలైంది. వాసన సన్నగా తగిలింది.

“అక్కా, ఇది నీ కేసే,” అని గట్టిగా అరిచినాను. “ఇది పోకపోతే వాళ్ళు నీ ఇంటి ముందరే విర్రవీగి తిరుగుతారు. వినపడుతుందా?”

కేక ఇంకా పెరిగింది. అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. నేను ఆలోచించి అన్నది కాదు.

“చూడద్దక్కా. కండ్లు మూసుకో.”

చప్పుడు తగ్గింది. మామూలు వేగానికి వచ్చింది. చివరి వరకు రాసి, ట్రే బయటికి వచ్చింది. డిస్కు గోరువెచ్చగా ఉంది. కోర్టుకు కావలసినన్ని ప్రతులు ఆ పొద్దే తీసినాం. ఏదీ ఆగలేదు. నేను ఆడించి చూడలేదు, ఖాజా చివరి వరకూ ఎక్కిందా అని మాత్రం చూసినాడు.

కోర్టులో డిస్కు వేసినారు. ఆ చోటు వస్తోందని నాకు తెలుసు. తల దించుకోబోయి, ఆమె కోసం ఎత్తినాను. టవలు జారింది. రక్తం కారే మొహం ఫోనుకేసి తిరిగింది. బొమ్మ అదిరింది. “కండ్లు మూసుకో!” అని గొంతు అరిచింది. అంతా అట్లే ఉంది.

మా అక్క కండ్లు మూసుకుని ఉన్నాయి.

ఖాజా నా ముంజేయి పట్టుకున్నాడు, గోళ్ళు దిగేటట్టు. బోనులో నాగప్ప తెరకేసి చూసినాడు, తర్వాత నాకేసి చూసినాడు. ఆ రోజు ఆమె ఎట్లా చూసిందో వానికీ తెలుసు కదా. వాని మొహంలో నెత్తురు లేదు. హాల్లో ఇంకెవరికీ ఏమీ తెలియలేదు. వాళ్ళు చూసింది ఒక ముసలామెను చంపడం, అంతే. అది చాలింది. ముగ్గురికీ శిక్ష పడింది. ఇప్పుడు కడప జైల్లో ఉన్నారు.

ఇంటికి వచ్చి పెన్‌డ్రైవులో వీడియో చూసినాను. అందులో కండ్లు తెరిచే ఉన్నాయి. నేరుగా నన్నే చూస్తున్నాయి. నా దగ్గర మిగిలిన డిస్కు వేసినాను. మూసి ఉన్నాయి. ఖాజాకు చూపించినాను. వానికీ అట్లే కనపడింది. కంప్యూటర్లు తెలిసిన ఒకాయనను, మనుషుల పేర్లు చెప్పకుండా, ఇట్లా జరుగుతుందా అని అడిగితే, రాసేటప్పుడు కొన్ని ఫ్రేములు పోయి ఉంటాయి అన్నాడు. ఫ్రేము పోతే బొమ్మ పోతుంది. రెప్ప మూసుకోదు.

ఇది చదివి, అయితే ఆ ఊరోళ్ళు అన్నది నిజమేనా అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళకోసమే ఇంతకాలం రాయలేదు. వాళ్ళకోసమే ఇప్పుడు రాస్తున్నాను. సరే, మా అక్క చూస్తే మోటర్లు కాలుతాయనే అనుకోండి. మోటరు కాలితే నా షాపుకు తేవల్ల. కట్టేసి పండ్లు పెరకమని మీకు ఎవరు చెప్పినారు?

నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. ముగ్గురు మగవాళ్ళు మొహం మీద కొట్టి, అరిచి చెప్పినా ఆమె కండ్లు మూయలేదు. వాళ్ళ మాటే నేనన్నాను. తమ్ముడు అన్నాడని మూసుకుంది.

మోటరు ఎందుకు కాలుతుందో అడగండి, ఇప్పుడైనా చెప్తాను. ఇది మాత్రం నాకు తెలియదు.